నత్తగుల్ల కొంగ, అడకత్తెర, నా తప్పు బొమ్మ

(తెర మీద: చిత్తు కాగితంపై ఒక కొంగ. ముక్కు మూసినా మధ్యలో సందు.)

నమస్కారమండీ. జువాలజీ పాఠాన్ని నవ్వించే కామిక్‌గా ఎలా మార్చాలో చెబుతాను. ముందు నేను చెడగొట్టిన బొమ్మ చూడండి.

ఇది నత్తగుల్ల కొంగ. మన ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికి వానాకాలంలో వచ్చి, ఊళ్లో చెట్ల మీదే గూళ్లు కడుతుంది. సైబీరియా కొంగ అనేస్తారు గానీ, ఇది దక్షిణ, ఆగ్నేయాసియా పక్షి. సైబీరియా మొహమే ఎరగదు.

ఆ సందు చూడగానే నాకు అడకత్తెర గుర్తొచ్చింది. ముక్కు మధ్య నత్తను పెట్టి, "అడకత్తెరలో పోకచెక్కనైపోనాను నాయనో" అనిపించాను. క్లాసు గొల్లుమంది. తీరా టెస్టులో సగం మంది "కొంగ గుల్ల పగలగొట్టి తింటుంది" అని రాశారు. తప్పు వాళ్లది కాదు, నా బొమ్మది.

అసలు జరిగేది వేరు. నత్త లోపలికి ముడుచుకుని మూత బిగించుకుంటుంది. పాఠంలో ఆపర్క్యులం అని చదివేది దాన్నే. కొంగ కింది ముక్కు మొనను మూత పక్కనుంచి దూర్చి, కండరం తెంపి, మెత్తటి ఒంటిని లాగేస్తుంది. గుల్ల చాలాసార్లు చెక్కుచెదరదు.

(తెర మీద: కొత్త కామిక్)

మొదటి గడి. నత్త తలుపేసుకుని: "ఎవులది? ఇంట్లో ఎవులూ లేరు!"
రెండో గడి. సందులోంచి ముక్కు మొన: "ఓలమ్మో, గొళ్లెం తెంపేసినాది!"
మూడో గడి. ఖాళీ గుల్ల, దాని మీద బోర్డు: "ఇల్లు అద్దెకు ఇవ్వబడును."

గొళ్లెమే కండరం. అద్దె బోర్డుందంటే ఇల్లు కూలలేదనేగా!

జోకు రాశాక నేను ఒక పరీక్ష పెడతాను. కొంగను తీసేసి కాకిని కూర్చోబెడతాను. అప్పటికీ నవ్వొస్తే ఆ జోకు చెత్తబుట్టలోకే. నవ్వు ఆ జంతువు ఒంట్లోంచి పుట్టాలి.

బొద్దింక సంగతి చూడండి. ఒంటి పక్కలనున్న 10 జతల రంధ్రాలతో ఊపిరి పీలుస్తుంది కాబట్టి, తల తెగినా కొన్ని రోజులు బతుకుతుంది. అలాంటి తల లేని బొద్దింక బండి మీద శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్‌కొస్తే, పోలీసు ఆపి "హెల్మెట్ ఏదీ?" అంటాడు. అంతే, ఒక్క గడి చాలు.

మళ్లీ కొంగ దగ్గరికి. పిల్లకొంగ ముక్కులో సందు ఉండదు, పెరిగే కొద్దీ వస్తుంది. పెద్ద కొంగేమో పెద్దగా కూతలు కూయదు, ఎక్కువగా ముక్కు టకటకలాడిస్తుందంతే. ఈ రెండూ కలిపితే ఆఖరి గడి.

(తెర మీద: గూట్లో పిల్ల, పక్కన తల్లి)

పిల్ల: "అమ్మా, నా ముక్కు బాగానే ఉంది, నీదేటి అలగుంది?"
తల్లి: "టక. టక. టక."