ట్రినిడాడ్, టొబాగో: తిండి, తీరం, మన నేలతో చుట్టరికం

శ్రోతలందరికీ నమస్కారం.

ట్రినిడాడ్ అనే పేరు మన ఇళ్లలోకి ఎక్కువగా క్రికెట్ దారిలోనే వచ్చింది. 1971 మార్చిలో ఆ దీవిలోని రాజధాని నగరం పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో భారత జట్టు వెస్టిండీస్‌ను టెస్ట్ మ్యాచ్‌లో మొట్టమొదటిసారి ఓడించింది. సునీల్ గావస్కర్‌కు అది తొలి టెస్ట్. గెలుపు పరుగులు వచ్చినప్పుడు క్రీజులో ఆయనకు తోడుగా ఉన్నది హైదరాబాదు ఆటగాడు ఆబిద్ అలీ. ఆ తరువాత 1976లో అదే క్వీన్స్ పార్క్ ఓవల్‌లో మనవాళ్లు 403 పరుగుల లక్ష్యాన్ని ఛేదించారు. క్రికెట్ అంటే ప్రాణం పెట్టేవాళ్లకు ఆ మైదానం ఒక్కటే చాలు, అంత దూరం వెళ్లడానికి. కానీ ఈరోజు నేను మాట్లాడబోయేది ఆట గురించి కాదు. సెలవులకు ఆ దేశం వెళ్తే ఏ తీరంలో దిగాలి, ఏం చూడాలి, ముఖ్యంగా ఏం తినాలి అన్న సంగతి.

దేశం పూర్తి పేరు ట్రినిడాడ్ అండ్ టొబాగో. రెండు దీవులు. పెద్దది ట్రినిడాడ్, సుమారు 4,800 చదరపు కిలోమీటర్లు. చిన్నది టొబాగో, 300 చదరపు కిలోమీటర్లు. దక్షిణ అమెరికాలోని వెనిజులా అక్కడికి 11 కిలోమీటర్ల దూరమే. చాలామంది పర్యాటకులు ట్రినిడాడ్‌లో విమానం దిగి, విమానాశ్రయం కూడా దాటకుండా, టొబాగో తీరాలకు వెళ్లిపోతారు. నేను మాత్రం సెలవుల్లో సగానికి పైగా ట్రినిడాడ్‌కే కేటాయించమంటాను. టొబాగో సముద్రం అందమైనదే, సందేహం లేదు. కానీ అలాంటి సముద్రం కరీబియన్‌లో ఇంకో పది దీవుల్లో దొరుకుతుంది. ట్రినిడాడ్‌లో ఉన్నది మరెక్కడా దొరకదు.

తిండితోనే మొదలుపెడదాం. పొద్దున్నే రోడ్డు పక్కన చిన్న బండి, పెద్ద గొడుగు, చుట్టూ ఆఫీసులకు వెళ్లేవాళ్లు, బడి పిల్లలు కనిపిస్తే అక్కడ ఆగండి. అది డబుల్స్ బండి. పసుపు కలిపిన మైదా పిండితో నూనెలో వేయించిన మెత్తటి రొట్టెలు రెండు, వాటి మధ్య మసాలా కాబూలీ శనగల కూర, పైన దోసకాయ తురుము, చింతపండు చట్నీ, మిరపకాయ కారం. కాగితంలో చుట్టి చేతిలో పెడతారు. నిలబడే తినాలి. ఆ మిరపకాయ మన గుంటూరు రకం కాదు, స్కాచ్ బానెట్ జాతిది, ఘాటు చాలా ఎక్కువ. కారంలో మాకు తిరుగులేదు అనుకునేవాళ్లు కూడా మొదటిసారి ‘స్లైట్’ అని చెప్పండి. కొంచెమే వేస్తారు. రుచి తెలిశాక ఎలాగూ రెండోది అడుగుతారు, అప్పుడు కారం పెంచుకోవచ్చు.

ఈ డబుల్స్ 1930ల్లో దక్షిణ ట్రినిడాడ్‌లోని ప్రిన్సెస్ టౌన్‌లో, దీన్ అనే కుటుంబం చేతుల మీదుగా మొదలైందని చెబుతారు. ఆ శనగలు, పసుపు, చింతపండు అక్కడికి ఎలా చేరాయో తెలిస్తే ఆ ముద్దకు ఇంకో రుచి వస్తుంది. బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటల యజమానులకు కూలీలు కావలసి వచ్చారు. 1845 మే 30న ఫతేల్ రజాక్ అనే ఓడ కలకత్తా నుంచి తొలి భారతీయ కూలీలను అక్కడ దింపింది. 1917 దాకా లక్షా నలభై వేల మందికి పైగా అలా ఒప్పంద కూలీలుగా వెళ్లారు. ఎక్కువమంది నేటి ఉత్తరప్రదేశ్, బీహార్ పల్లెల వాళ్లు. మద్రాసు రేవు నుంచి వెళ్లినవాళ్లూ ఉన్నారు, వాళ్లలో తమిళులతో పాటు మన తెలుగువాళ్లు కూడా. మన భాష అక్కడ నిలవలేదు. మద్రాసు ఓడల్లో వెళ్లినవాళ్లు మొదలుపెట్టిన అమ్మవారి పూజలు మాత్రం ఇప్పటికీ సాగుతున్నాయి. మే 30 ఆ దేశంలో ప్రభుత్వ సెలవు. దీపావళికి కూడా దేశమంతా సెలవే.

అందుకే పోర్ట్ ఆఫ్ స్పెయిన్ నుంచి దక్షిణంగా, పాత చెరకు తోటల వైపు ఒక రోజు కారు తీయించండి. వాటర్లూ అనే ఊరి ఒడ్డున సముద్రంలో ఒక గుడి ఉంది. దాన్ని కట్టిన మనిషి శివదాస్ సాధు, తోటల్లో పనిచేసిన కూలీ. ఆయన 1947లో ఒడ్డు మీద గుడి కట్టాడు. ఆ నేల చక్కెర కంపెనీది. 1952లో గుడిని కూలగొట్టారు, ఆయనకు పద్నాలుగు రోజులు జైలు. బయటికి వచ్చాక ఆయన, నేల మీద చోటు లేకపోతే సముద్రంలో కడతాను అని పట్టుపట్టాడు. సైకిల్ మీద రాళ్లు, సిమెంటు మోసుకుంటూ, ఆటుపోట్ల మధ్య, పాతికేళ్లకు దగ్గరగా ఒంటి చేత్తో కట్టాడు. కెరటాలు పడగొట్టినదాన్ని మళ్లీ కట్టాడు. తరువాత 1990ల్లో ప్రభుత్వ సాయంతో గుడిని పునర్నిర్మించారు. ఇప్పుడు ఒడ్డు నుంచి నడిచి వెళ్లేలా దారి ఉంది. గుడి పక్కనే దహన ఘట్టం, కాబట్టి అక్కడ ఫొటోల హడావుడి తగ్గించి మర్యాదగా మెలగాలి. కరీబియన్‌లో నన్ను అన్నిటికంటే ఎక్కువగా కదిలించే చోటు ఏది అని అడిగితే ఈ గుడి పేరే చెబుతాను.

అక్కడికి దగ్గరలోనే కారాపిచైమాలో 85 అడుగుల హనుమంతుడి విగ్రహం కనిపిస్తుంది. మైసూరు గణపతి సచ్చిదానంద స్వామి స్థాపించిన దత్త క్షేత్రం అది. విజయవాడలోనూ హైదరాబాదు దగ్గర దుండిగల్‌లోనూ ఆ ఆశ్రమాలు తెలిసినవాళ్లకు ఆ ప్రాంగణంలో అడుగుపెట్టగానే పరిచయమైన వాతావరణం ఎదురవుతుంది.

ఇంకా దక్షిణానికి వెళ్తే డెబే అనే ఊరు. రోడ్డు పక్కన వరసగా తినుబండారాల కొట్లు. సహీనా అని చేమాకుతో చేసే బజ్జీ, ఫులౌరీ అని శనగపప్పు పిండితో చేసే పకోడీ, ఆలూ పై, వేడివేడి డబుల్స్. పెద్ద హోటళ్ల కంటే ఇక్కడ తిన్నదే గుర్తుంటుంది. రోటీ కొట్లో కూర్చుంటే పెసర బద్దల్లాంటి పచ్చని పప్పు పొడిని లోపల నింపిన దాల్‌పూరీ, ముక్కలు ముక్కలుగా చీల్చి వడ్డించే పరాటా, పక్కన గుమ్మడికాయ కూర, నిప్పుల మీద కాల్చిన వంకాయ చోఖా అడగండి. శాకాహారులు ఏ దిగులూ పెట్టుకోనక్కరలేని కరీబియన్ దీవి ఇది. చేమాకు, బెండకాయలు, కొబ్బరిపాలు కలిపి ఉడికించే కాలలూ కూడా రుచి చూడాలి. అయితే కొందరు అందులో పీత వేస్తారు, ముందే అడిగి తీసుకోండి.

డెబేకు పశ్చిమంగా లా బ్రియాలో తారు సరస్సు. సుమారు వంద ఎకరాల సహజమైన తారు. ప్రపంచంలో ఇంత పెద్దది ఇంకొకటి లేదు. 1595లో ఆంగ్లేయ నావికుడు వాల్టర్ రాలీ తన ఓడల చీలికలకు ఈ తారు పూసుకున్నాడు. ఎన్నో దేశాల రోడ్లకు ఇక్కడి తారు వెళ్లింది. పైకి చూస్తే ఎండిన చెరువులా మామూలుగానే ఉంటుంది. స్థానిక గైడ్ వెంట నడిస్తేనే దాని సంగతి తెలుస్తుంది, కాలి కింద నేల మెత్తగా కదులుతుంది. ఎక్కడ అడుగు వేయాలో వాళ్లకే తెలుసు కాబట్టి సొంతంగా దిగవద్దు. ఎండ ముదిరేలోపు పొద్దున్నే వెళ్లడం మంచిది.

సాయంత్రానికి కరోనీ మడ అడవులకు చేరేలా చూసుకోండి. నాలుగు గంటల ప్రాంతంలో పడవలు బయలుదేరతాయి. మడ చెట్ల మధ్య కాలువల్లో మెల్లగా తీసుకెళ్లి, ఒక వెడల్పాటి నీటి మడుగులో ఆపుతారు. పొద్దు వాలే వేళకు స్కార్లెట్ ఐబిస్ కొంగలు గుంపులు గుంపులుగా వచ్చి ఒకే దీవి మీద వాలతాయి. కాసేపటికి పచ్చటి చెట్లన్నీ ఎర్రబడతాయి. పుట్టినప్పుడు ఈ పక్షులు బూడిద రంగులోనే ఉంటాయి. పీతలు, రొయ్యలు తినగా తినగా ఆ ఎరుపు వస్తుంది. వేటతో ఈ జాతి తగ్గిపోతుంటే 2018లో ప్రభుత్వం కఠినమైన రక్షణ కల్పించింది. ఇది ట్రినిడాడ్ జాతీయ పక్షి. దోమల మందు పూసుకుని వెళ్లండి.

ఇక తీరాలు. పోర్ట్ ఆఫ్ స్పెయిన్ వాళ్లు ఆదివారం వెళ్లే చోటు మరాకాస్. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికన్లు వేసిన ఘాట్ రోడ్డు మీదుగా ప్రయాణం. ఒక పక్క అడవి కొండ, ఇంకో పక్క కింద సముద్రం. దారిలో ఒక మలుపు దగ్గర పచ్చి మామిడి, అనాస ముక్కలకు ఉప్పు, మిరపకాయ, కొత్తిమీర వాసన వచ్చే షాడో బెనీ ఆకు కలిపి అమ్ముతారు. తప్పకుండా కొనండి. మరాకాస్‌లో పేరుమోసినది బేక్ అండ్ షార్క్, అంటే వేయించిన రొట్టెలో సొర చేప ముక్క. పచ్చళ్లు, ఆకులు మనకు నచ్చినట్టు మనమే వేసుకోవచ్చు. సొర చేపలు సముద్రాల్లో వేగంగా తగ్గిపోతున్నాయి కాబట్టి నేనైతే అదే రొట్టెలో కింగ్‌ఫిష్ అడగమంటాను. అది మన వంజరం జాతి చేపే, రుచికి ఏ లోటూ ఉండదు. మరాకాస్ అలలు బలమైనవి, లోపలికి లాగే ప్రవాహాలు ఉంటాయి. జెండాల మధ్యే దిగండి, ఎర్ర జెండా ఉంటే అసలు దిగవద్దు. పిల్లలతో వెళ్లినవాళ్లు ఇంకాస్త ముందుకు, లాస్ క్వేవాస్‌కు వెళ్లడం మేలు. అక్కడ నీళ్లు నెమ్మదిగా ఉంటాయి, జనం కూడా తక్కువ.

మార్చి నుంచి ఆగస్టు మధ్య వెళ్తే ఉత్తర తీరం కొసన ఉన్న గ్రాండ్ రివియేర్ పల్లెలో ఒక రాత్రి గడపండి. లెదర్‌బ్యాక్ తాబేళ్లు అక్కడ ఒడ్డెక్కి గుడ్లు పెడతాయి. ఒక్కొక్కటి నాలుగైదు వందల కిలోల బరువు ఉండవచ్చు. అనుమతి పత్రం, గైడ్ ఉంటేనే తీరం మీదికి రానిస్తారు. టార్చి, ఫ్లాష్ వాడకూడదు. ఒకప్పుడు మాంసం కోసం వీటిని చంపిన ఊళ్లలోనే ఇప్పుడు జనం రాత్రంతా కాపలా కాస్తున్నారు. మీరు గైడ్‌కు ఇచ్చే రుసుము ఆ కాపలాకు ఆసరా.

నగరంలో సాయంత్రాలు క్వీన్స్ పార్క్ సవానా అనే పెద్ద మైదానం చుట్టూ గడపండి. కొబ్బరి బోండాలు, మొక్కజొన్న సూప్ బండ్లు ఉంటాయి. జనవరి, ఫిబ్రవరిల్లో కార్నివాల్‌కు ముందు వెళ్తే స్టీల్ పాన్ బృందాల సాధన వినవచ్చు. పనికిరాని నూనె డ్రమ్ములను సుత్తితో కొట్టి స్వరాలు పలికించింది ఈ నగరపు పేద వాడల కుర్రాళ్లే. ఆ సాధన వినడానికి చాలాచోట్ల టికెట్ కూడా ఉండదు. చీకటి పడ్డాక మాత్రం తెలియని వీధుల్లో నడక వద్దు. హోటల్ వాళ్లు చెప్పిన టాక్సీలోనే తిరగండి.

చివరి మూడు, నాలుగు రోజులు టొబాగోకు. విమానంలో ఇరవై నిమిషాల ప్రయాణం. ఓడలో అయితే మూడు నుంచి నాలుగు గంటలు. పిజియన్ పాయింట్ తీరం చూడగానే పోస్టర్లలో కనిపించే కరీబియన్ ఇదే అని తెలిసిపోతుంది. అక్కడి నుంచి అడుగున అద్దం ఉన్న పడవలో బక్కూ పగడపు దిబ్బల మీదుగా నైలాన్ పూల్‌కు తీసుకెళ్తారు. నడి సముద్రంలో నడుము లోతు నీళ్లు, కింద తెల్లటి పగడపు ఇసుక. 1973 నుంచి ఆ దిబ్బలు రక్షిత ప్రాంతం. పగడాల మీద కాలు పెట్టవద్దు, ముక్క కూడా ఏరవద్దు. మధ్యాహ్నం స్టోర్ బే కొట్లలో పీతల కూర, పిండి ముద్దలు. చేతులతోనే తినాలి, మొహమాటపడితే పని జరగదు.

ప్రశాంతత కావాలంటే ఇంగ్లిష్‌మన్స్ బే. పల్లె జీవితం చూడాలంటే కస్తారా. అక్కడి జాలర్లు ఇప్పటికీ మన అలివి వల పద్ధతిలోనే ఒడ్డు నుంచి వల లాగుతారు, చూస్తున్నవాళ్లు కూడా తాడు పట్టుకోవచ్చు. కొండల మీద ఉన్న మెయిన్ రిడ్జ్ అడవిని 1776లోనే చట్టం చేసి కాపాడారు, అడవి పోతే వాన పోతుందన్న భయంతో. వర్షం పడిన మర్నాడు ఆ అడవిలో నడవాలంటే మంచి బూట్లు అవసరం.

జనవరి నుంచి మే దాకా వానలు తక్కువ. తుపానుల దారికి ఈ దీవులు కాస్త దక్షిణంగా ఉండటం ఇంకో సౌకర్యం. ఈస్టర్ రోజుల్లో వెళ్లేవాళ్లు టొబాగో టికెట్లు చాలా ముందుగానే తీసుకోవాలి. ఈస్టర్ మంగళవారం బక్కూలో మేకల పరుగు పందెం, ట్రినిడాడ్ నుంచి జనం ఓడల నిండా వస్తారు. మేక వెనకే తాడు పట్టుకుని మనిషి కూడా అంతే వేగంగా పరిగెత్తాలి. పందెం మొదలయ్యే వేళకు కాదు, మధ్యాహ్నమే వెళ్లి కూర్చోండి.