టికెట్టు కొనే ముందు తేల్చుకోవాల్సిన సంగతులు

వేరే దేశానికి మిషనరీని పంపాలనుకుంటున్న సంఘ కాపరులకు, పెద్దలకు, మిషన్ కమిటీ సభ్యులకు ప్రభువు నామంలో వందనాలు.

మిషనరీలు మన దగ్గరకు వచ్చిన చరిత్ర మనం ఏటా చెప్పుకుంటాం. మనం మిషనరీని పంపిన చరిత్ర చాలామందికి తెలియదు. 1903లో తెలుగు బాప్టిస్టు సంఘాలు జాన్ రంగయ్యగారిని దక్షిణాఫ్రికాలోని నేటాలుకు పంపాయి. ఒప్పందం మీద ఓడ ఎక్కి వెళ్లిన తెలుగు కూలీలు అక్కడ చెరకు తోటల్లో, తేయాకు తోటల్లో పనిచేస్తున్నారు. వారిలో కొందరు అప్పటికే విశ్వాసులు. ఆ ఏడు డిసెంబరుకల్లా కియర్స్నీ తేయాకు తోటలో తెలుగు సంఘం ఏర్పడింది.

దీని పక్కన ఇంకో లెక్క పెట్టండి. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే 1836లో తెలుగు నేలకు వచ్చారు, 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. ఫలితం కనబడక 1853లో ఈ మిషన్‌ను మూసేయాలా వద్దా అని అమెరికాలో చర్చ జరిగింది. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం మొదలైంది ఎనిమిదిమందితోనే. తెలుగు నేల మీద ముప్ఫై ఏళ్లు, నేటాలులో కొన్ని నెలలు. రంగయ్యగారి భక్తి ఎక్కువ, డేగారి భక్తి తక్కువ అని ఎవరూ అనలేరు. రంగయ్యగారికి భాష ముందే వచ్చు, విని నమ్మినవాళ్లు ముందే ఉన్నారు. డేగారికి రెండూ లేవు.

కాబట్టి మనవాణ్ణి భాష రాని చోటికి పంపుతుంటే మొదటి రెండేళ్లు భాషకే వదిలేయండి. ఆ రెండేళ్లూ బాప్తిస్మాల లెక్క అడగకండి. నెలనెలా అంకెలు అడిగే కమిటీ ఉంటే అతడు దుబాసీని పెట్టుకుని ప్రసంగాలు మొదలుపెడతాడు. ఇక భాష ఎప్పటికీ రాదు. దుబాసీ మానేసిన రోజు పరిచర్య కూడా ఆగుతుంది.

డబ్బు విషయం కాస్త వివరంగా చెబుతాను, ఎక్కువ చోట్ల పని చెడేది ఇక్కడే. నెలకు 60,000 రూపాయలు కావాలనుకోండి. ముగ్గురు దాతలు తలా 20,000 ఇస్తామంటే కమిటీకి సులువు. అందులో ఒకరి వ్యాపారం దెబ్బతింటే మూడోవంతు పోతుంది. అదే 120 కుటుంబాలు తలా 500 ఇస్తే, పది కుటుంబాలు ఆగిపోయినా తగ్గేది 5,000. పైగా అతని కోసం ప్రార్థించే ఇళ్లు 120 అవుతాయి. మిజో సంఘాల స్త్రీలు 1910 నుంచి వంట చేసే ప్రతిసారీ పిడికెడు బియ్యం తీసిపెడుతున్నారు. ఆ పిడికిళ్లే నేడు కోట్ల రూపాయల మిషన్ నిధి. తిరుగు ప్రయాణ ఖర్చు, ఆరు నెలల జీతం ముందే వేరే ఖాతాలో వేసి, ఆ తరువాతే టికెట్టు కొనండి. ఆ సొమ్మును గుడి కట్టడానికి "ప్రస్తుతానికి" వాడుకునే అధికారం ఎవరికీ ఉండకూడదు.

టూరిస్టు వీసా మీద పరిచర్యకు పంపకండి. పట్టుబడితే అతన్ని వెనక్కి పంపేస్తారు, అక్కడి విశ్వాసుల మీద నిఘా మిగులుతుంది. యెల్లో ఫీవర్ ఉన్న ఆఫ్రికా దేశాలకైతే టీకా వేయించుకున్న పది రోజుల తరువాతే సర్టిఫికెట్టు చెల్లుతుంది. ప్రయాణం తేదీ ఆ లెక్క చూసుకుని పెట్టుకోవాలి.

సహాయం, సువార్త కలిసినచోట ఇంకా జాగ్రత్త కావాలి. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో సుమారు 3.5 మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించారు. వేలమంది బాప్తిస్మం అడిగారు. కూడు కోసం వస్తున్నారేమోనని ఆయన ఏడాదికి పైగా ఇవ్వలేదు. సహాయం ఆగాక కూడా జనం వచ్చారు. అప్పుడు, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. నీళ్లలో దిగి బాప్తిస్మం ఇచ్చినవాళ్లు తెలుగు బోధకులే, ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా. ఆ సంఖ్యను మనం గర్వంగా చెప్పుకుంటాం. నా దృష్టిలో అంతకంటే గొప్పది ఆ ఏడాది నిరీక్షణ. మనం పంపేవారికీ ఈ నియమం రాసివ్వాలి: బియ్యం పంచిన వారంలో బాప్తిస్మం వద్దు.

అక్కడి కాపరులకు మన డబ్బుతో జీతం ఇవ్వాలా? 19వ శతాబ్దంలోనే లండన్‌లో హెన్రీ వెన్, అమెరికాలో రూఫస్ ఆండర్సన్ అనే మిషన్ సంస్థల కార్యదర్శులు స్థానిక సంఘం తన ఖర్చు తానే భరించాలని, తన్ను తానే పాలించుకోవాలని, తానే సువార్త చాటాలని తేల్చి చెప్పారు. జీతం బయటి నుంచి వస్తే స్థానికులు కానుక ఇవ్వడం నేర్చుకోరు. కాపరి కూడా తన సంఘానికి కాక పంపిన కమిటీకి జవాబు చెప్పుకుంటాడు. తప్పనిసరై ఇస్తే ఏటా అయిదోవంతు తగ్గించి అయిదేళ్లలో ఆపేయండి. ఆ షెడ్యూలు మొదటి నెలే వాళ్ల చేతికివ్వండి. చివరి ఏట చెబితే వాళ్లకు అది ద్రోహంలా తోస్తుంది, ఆ బాధలో న్యాయం కూడా ఉంటుంది.

సెలవు మీద ఇంటికొచ్చిన మిషనరీని మర్నాడే ఊరూరా సభలకు తిప్పుతున్నాం. మొదటి మూడు నెలలు ఏ సభకూ పిలవకండి. వైద్య పరీక్షలు చేయించండి, పిల్లలకు తెలుగు చదవడం, రాయడం నేర్పించండి, అద్దె ఇల్లు ముందే చూసిపెట్టండి. ఆ బాధ్యత మోయడానికి ఇద్దరి పేర్లు ఈరోజే కమిటీ పుస్తకంలో రాసుకోండి.