అద్దెకున్న ఫ్లాటు: మనమే అమ్ముదామా, ఏజెంటుకు ఇద్దామా?

అక్క: అందరికీ నమస్కారం. మా ఇంట్లో కొన్నాళ్లుగా ఫోన్లో నడుస్తున్న వాదనను ఈసారి మైకు ముందుకు తెచ్చాం. నేనూ మా తమ్ముడూ కలిసి 2012లో కూకట్‌పల్లిలో రెండు పడకగదుల ఫ్లాటు ఒకటి కొన్నాం. చెరి సగం. అప్పటి నుంచీ అద్దెకే ఇస్తున్నాం. ఇప్పుడు అమ్మేద్దామని ఇద్దరికీ ఉంది. ఎవరు అమ్మాలన్న దగ్గరే పేచీ. నేను నిజాంపేటలో ఉంటాను, తమ్ముడు టెక్సాస్‌లో.

తమ్ముడు: అందుకే ఏజెంటుకు ఇచ్చేద్దామంటున్నాను. నీకు శ్రమ ఎందుకు?

అక్క: ఆ కమీషన్లో సగం నాది కూడా కదా, అందుకు!

తమ్ముడు: సరే, లెక్కే చూద్దాం. ఫ్లాటు 80 లక్షలు పలుకుతుందనుకుందాం. అక్కడ ఏజెంట్లు ఎంత తీసుకుంటున్నారు?

అక్క: ఒక శాతం మామూలు. రెండు శాతం అడిగేవాళ్లూ ఉన్నారు. ఒక శాతమంటే 80 వేలు. అయితే నువ్వు తెలుసుకోవాల్సిన సంగతి వేరే ఉంది. ఆ ఏజెంటే కొనేవాళ్ల దగ్గర కూడా ఇంకో శాతం తీసుకుంటాడు.

తమ్ముడు: ఇద్దరి దగ్గరా? ఇక్కడ అమ్మేవాళ్ల ఏజెంటు వేరు, కొనేవాళ్ల ఏజెంటు వేరు. చాలా కాలం ఇద్దరి ఫీజూ కలిపి అమ్మేవాడే ఐదారు శాతం దాకా ఇచ్చేవాడు. 2024 ఆగస్టులో ఆ పద్ధతి మారింది. కొనేవాడు తన ఏజెంటు ఫీజు గురించి ముందుగా రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఖరీదైన వ్యవహారమే కానీ, ఎవరి మనిషి ఎవరో తెలుస్తుంది.

అక్క: ఇక్కడ తెలిసేది ఒక్కటే, ఆయన బేరం తెగడం వైపు ఉంటాడు. నేను తప్పు పట్టడం లేదు, ఆయన బతుకుతెరువు అది. కానీ ఒక్కసారి ఆలోచించు. కొనేవాడు 78 లక్షలకు మొండికేశాడు. మనకు పోయేది రెండు లక్షలు. ఏజెంటుకు మన వైపు నుంచి తగ్గేది రెండు వేలు. ఆ రెండు వేల కోసం ఆయన ఇంకో నెల ఎందుకు ఆగుతాడు? ‘మేడమ్, ఈ పార్టీని వదులుకుంటే మళ్లీ దొరకదు’ అని ఆ రాత్రే నాకు ఫోను చేస్తాడు.

తమ్ముడు: అంటే కమీషన్ కన్నా బేరంలోనే ఎక్కువ పోతుందంటావు.

అక్క: పోవచ్చు. నేనే బేరమాడినా పోవచ్చు, అదీ నిజమే. ఆ ఇంటి మీద నాకు మమకారం ఉంది కాబట్టి ఎవరైనా ‘వంటగది చిన్నదండీ’ అంటే చాలు, ముఖం మాడ్చుకుంటాను. బావ అయితే ‘నువ్వు ఎవరికీ ఇల్లు చూపించకు’ అని ముందే చెప్పేశారు.

తమ్ముడు: [నవ్వు] బావ మాట వినవచ్చు కదా.

అక్క: అసలు చిక్కు ఇల్లు చూపించడం దగ్గరే ఉంది. ఇంట్లో అద్దెకున్నవాళ్లు ఉన్నారు. మనమిద్దరం కమీషన్ గురించి కొట్టుకుంటున్నాం కానీ, ఈ అమ్మకం సాఫీగా జరగాలా వద్దా అన్నది వాళ్ల చేతిలో ఉంది.

తమ్ముడు: ఖాళీ చేయించి అమ్మితే ఆ గొడవ ఉండదు. అగ్రిమెంటు ఎలాగూ పదకొండు నెలలదే.

అక్క: చేయించవచ్చు. కానీ ఖాళీ చేయించడం ఉచితం అనుకుంటున్నావు. నెలకు 24 వేల అద్దె. అమ్ముడయ్యేసరికి మూడు నెలలు పడితే 72 వేలు. ఖాళీగా ఉన్నా అసోసియేషన్‌కు నెలకు మూడు వేల మెయింటెనెన్స్ మనమే కట్టాలి, అది తొమ్మిది వేలు. మొత్తం 81 వేలు. ఏజెంటుకు ఇచ్చే ఒక శాతం కన్నా వెయ్యి ఎక్కువే!

తమ్ముడు: ఇది నాకు తట్టలేదు.

అక్క: చాలామందికి తట్టదు. కమీషన్ చేతి నుంచి ఇస్తాం కాబట్టి కనిపిస్తుంది. రాని అద్దె కనిపించదు. పైగా ఆ మూడు నెలలు ఆషాఢంలోనో మూఢంలోనో పడ్డాయనుకో, ఎవరూ అడ్వాన్సు కూడా ఇవ్వరు. పుష్యమాసమైతే చూడటానికి కూడా రారు. శ్రావణం వచ్చాక గానీ ఫోన్లు మోగవు.

తమ్ముడు: వాళ్లను ఉంచే అమ్మితే కొనేవాళ్లు భయపడరా? రేపు ఖాళీ చేయకపోతే ఎలా అని.

అక్క: ఎవరు కొంటున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. తామే ఉండటానికి కొనేవాళ్లకు ఖాళీ ఇల్లు కావాలి. అద్దె కోసం కొనేవాళ్లకు మంచి అద్దెదారు ఉండటమే లాభం, మొదటి నెల నుంచే డబ్బు వస్తుంది. చట్టం ప్రకారం ఇల్లు అమ్మినంత మాత్రాన అద్దె ఒప్పందం రద్దు కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోనే ఉంది, కొత్త యజమాని మన స్థానంలోకి వస్తాడు. మన దగ్గరున్న రెండు నెలల డిపాజిట్టును ఆయనకు మళ్లించి, ఆ సంగతి ముగ్గురం కాగితం మీద రాసుకోవాలి. ఆ ముక్క రాసుకోకపోవడం వల్ల ‘డిపాజిట్ నాకు ఇవ్వలేదు’, ‘పాత ఓనర్నే అడుగు’ అనే తగాదాలు పుడతాయి.

తమ్ముడు: అద్దెకున్నవాళ్లకు చెప్పేశావా మరి?

అక్క: ఇంకా లేదు. నువ్వు ఊ అంటే ఈ రాత్రే చెబుతాను. ఏ ఏజెంటు కన్నా ముందు వాళ్లకే చెప్పాలని నా పట్టు. వాచ్‌మన్ నోట వినకూడదు. అపార్టుమెంటులో ఏ ఫ్లాటు అమ్మకానికి వచ్చినా మొదట తెలిసేది వాచ్‌మన్‌కే. సగం ఏజెంట్లకు కబురు పంపేదీ ఆయనే, బేరం కుదిరితే ఆయనకూ ఎంతో కొంత ముడుతుంది. ఆయన ద్వారా తెలిస్తే అద్దెవాళ్లు మనల్ని ఎందుకు నమ్మాలి? ఆదివారం పొద్దున పిల్లలు నిద్రపోతుంటే ఎవరో నలుగురు వచ్చి బాత్రూం తలుపు తీసి చూస్తామంటే, మనమైతే ఊరుకుంటామా?

తమ్ముడు: ఊరుకోం.

అక్క: వాళ్లు ఊరుకోకపోతే ఏమవుతుందో తెలుసా? ‘నీళ్లు సరిగా రావండీ’ అని ఒక్క మాట అంటారు, అంతే. ఆ మాటకు పది మంది ఏజెంట్లు కూడా సమాధానం చెప్పలేరు. అందుకని, శనివారం సాయంత్రం రెండు గంటలు మాత్రమే చూపిస్తాం, ముందు రోజు ఫోను చేస్తాం, అమ్మకం అయ్యేదాకా అద్దెలో కొంత తగ్గిస్తాం అని చెబుదాం. ఇంకో మాట కూడా అడుగుతాను.

తమ్ముడు: ఏమిటది?

అక్క: మీరే కొంటారా అని. నాలుగేళ్లుగా ఉంటున్నారు, పిల్లల బడి వెనక వీధిలోనే. ఆ ఇంట్లో ఏ గోడ చెమ్మ పడుతుందో మనకన్నా వాళ్లకే ఎక్కువ తెలుసు. వాళ్లు కొంటే ఏజెంటూ అక్కర్లేదు, చూపించడాలూ అక్కర్లేదు. వాళ్లు కాదంటే అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపు. పక్క ఫ్లాటు ఆవిడ తన చెల్లెలి కోసం వెతుకుతోందని విన్నాను. ఆ తర్వాతే బయటి ప్రకటనలు.

తమ్ముడు: ప్రకటన నేను ఇక్కడి నుంచైనా పెట్టగలను. నోబ్రోకర్, మ్యాజిక్‌బ్రిక్స్, 99ఎకర్స్, అన్నీ ఫోన్లోనే.

అక్క: పెట్టగలవు. ఆ నంబరు నీదైతే, నీకు అర్ధరాత్రి ఫోన్లు వస్తాయి. అందులో చాలా మటుకు ఏజెంట్లవే. ‘సార్, పార్టీ సిద్ధంగా ఉంది, రేపే చూస్తారు’ అంటారు. ఒక్కోసారి నిజంగానే ఉంటుంది. ఒక్కోసారి ముందు మన ఫ్లాటు తన జాబితాలోకి వేసుకుని, ఆ తర్వాత పార్టీని వెతుకుతారు. అదీగాక ఒకే ఫ్లాటును ఐదుగురు ఏజెంట్లు ఐదు ధరలకు పెట్టారనుకో, చూసేవాళ్లకు ఈ ఇంట్లో ఏదో లోపం ఉందనిపిస్తుంది. ఏజెంటుకు ఇచ్చేటట్లయితే ఒకరికో ఇద్దరికో, అదీ రాసి ఇవ్వాలి.

తమ్ముడు: ఏం రాయాలి?

అక్క: ఎంత శాతం, ఎప్పుడు ఇస్తాం, ఎంతకు తక్కువ అడగకూడదు. కమీషన్ రిజిస్ట్రేషన్ రోజునే, బ్యాంకు ద్వారానే. అడ్వాన్సు రాగానే సగం ఇమ్మంటారు, ఒప్పుకోకూడదు. అడ్వాన్సు ఇచ్చినవాళ్లకు లోను రాక వెనక్కి వెళ్లిపోయిన బేరాలు ఎన్నో ఉంటాయి. ఇంకో సంగతి, కమీషన్ బ్యాంకు ద్వారా ఇచ్చి రసీదు తీసుకుంటే, పన్ను కట్టేటప్పుడు దాన్ని అమ్మకపు ఖర్చు కింద లాభంలోంచి తీసేసుకోవచ్చు.

తమ్ముడు: రెరా కింద, అదే స్థిరాస్తి నియంత్రణ చట్టం కింద, నమోదైన ఏజెంటునే పెట్టుకుంటే సరిపోదా?

అక్క: మంచిదే, కానీ దాని మీద ఎక్కువ ఆశ పెట్టుకోకు. 2016 నాటి ఆ చట్టం ఏజెంట్లు నమోదు కావాలన్నది రెరాలో నమోదు కావాల్సిన ప్రాజెక్టుల అమ్మకాలకు. మనది అంతకు ముందే కట్టి అప్పజెప్పిన భవనం. మన కాగితమే మనకు రక్ష.

తమ్ముడు: సరే. మరి కాగితాల పనంతా ఏజెంటు చూసుకుంటాడు కదా, అదైనా లాభమే కదా?

అక్క: అక్కడే చాలామంది పొరపడతారు. ఏజెంటు కొనేవాణ్ని తెస్తాడు, కాగితాలు మనమే తేవాలి. మన దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు అంటే మనకు ముందున్న యజమానుల దస్తావేజులు, ఈసీ అంటే ఫ్లాటు మీద నమోదైన లావాదేవీలు, తనఖాలు చూపే పత్రం, మంజూరైన ప్లాను, భవనంలో ఉండొచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, ఆస్తి పన్ను రసీదు, కరెంటు బిల్లు, అసోసియేషన్ నుంచి బకాయిలు లేవన్న లేఖ. కొనేవాడు లోను తీసుకుంటే వాళ్ల బ్యాంకు వకీలు ఇవన్నీ చూస్తాడు. ఒక్క లింకు డాక్యుమెంటు దొరకకపోతే ఎంత పెద్ద ఏజెంటైనా చేయగలిగింది లేదు. అందుకని ముందు ఫైలు సిద్ధం చేద్దాం. ఫైలు సిద్ధంగా ఉన్న ఫ్లాటును అమ్మడం మనకూ తేలికే, ఏజెంటుకూ తేలికే. అప్పుడు కమీషన్ ఒక శాతానికి దించమని గట్టిగా అడగవచ్చు కూడా.

తమ్ముడు: స్టాంపు డ్యూటీ మన మీద పడదుగా?

అక్క: పడదు, అది కొనేవాళ్లదే. తెలంగాణలో రిజిస్ట్రేషన్ ఫీజుతో కలిపి ఏడున్నర శాతం దాకా అవుతుంది. అందువల్లే కొంతమంది ‘దస్తావేజులో తక్కువ చూపిద్దాం, మిగతాది నగదు ఇస్తాం’ అంటారు. ఆ మాట వచ్చిన చోటే నేను ఫోను పెట్టేస్తాను. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆ పైన నగదుగా పుచ్చుకుంటే, పుచ్చుకున్నంత మొత్తమూ జరిమానాగా పడవచ్చు. పైగా నువ్వు ఆ నగదును టెక్సాస్‌కు ఎలా తీసుకెళ్తావు, సూట్‌కేసులోనా?

తమ్ముడు: వద్దు తల్లీ. నా వాటా బ్యాంకుకే రానీ.

అక్క: నీ వాటాతోనే అసలు తంటా. ఇది విదేశాల్లో ఉన్నవాళ్లు జాగ్రత్తగా వినాలి. నా సగం 40 లక్షల మీద కొనేవాడు ఒక శాతం, అంటే 40 వేలు టీడీఎస్ కోస్తాడు, మన పన్ను కింద ముందే పట్టుకుని ప్రభుత్వానికి కట్టేది. నువ్వు ఎన్నారైవి కాబట్టి నీ 40 లక్షల మీద పన్నెండున్నర శాతం, సెస్సుతో కలిపి 13 శాతం. ఐదు లక్షల 20 వేలు! లాభం మీద కాదు, మొత్తం ధర మీద.

తమ్ముడు: నా వాటాకు నేను పెట్టింది 16 లక్షలు. లాభం 24 లక్షలే కదా?

అక్క: దాని మీద అసలు పన్ను మూడు లక్షల 12 వేలు. మిగతా రెండు లక్షల పైచిలుకు కోసం రిటర్ను వేసి ఎదురుచూడాలి. లేదా అమ్మకానికి ముందే ఆదాయపు పన్ను శాఖకు దరఖాస్తు పెట్టుకుని, తక్కువ కోయమని ధ్రువపత్రం తెచ్చుకోవాలి. అది రావడానికి వారాలు పడుతుంది. బేరం కుదిరాక పరుగెత్తితే కొనేవాడు ఆగడు. ఇది ఆడిటర్ పని, ఏజెంటు పని కాదు.

తమ్ముడు: నీకు కూడా పన్నెండున్నర శాతమే కదా?

అక్క: నాకు రెండు దారులున్నాయి. 2024 జూలై 23కు ముందు కొన్న ఇల్లు కాబట్టి, ఇక్కడ నివసించేవాళ్లం పాత పద్ధతిలో కొన్న ధరను ద్రవ్యోల్బణ సూచీతో పెంచుకుని మిగిలిన లాభం మీద 20 శాతం లెక్క వేసుకోవచ్చు. ఏది తక్కువైతే అదే కడతాం. మన ఫ్లాటుకు పాత పద్ధతే లాభం. ఎన్నారైలకు ఆ వెసులుబాటు లేదు.

తమ్ముడు: ఒకే ఇంటికి అక్కకో పన్ను, తమ్ముడికో పన్ను. బాగుంది.

అక్క: నా మీద ఏడవకు. ముందు పవరాఫ్ అటార్నీ, అదే నీ తరఫున సంతకం పెట్టే అధికారం ఇచ్చే పత్రం, సంగతి చూడు. సంతకానికి నువ్వు రాలేనంటున్నావు కదా. ఈ ఒక్క ఫ్లాటు అమ్మకానికి మాత్రమే అని స్పష్టంగా రాసి, అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించి పంపు. అది ఇక్కడికి చేరిన మూడు నెలల్లోపు నేను స్టాంపు వేయించాలి. ఆ పత్రం నా పేరు మీదే ఉండాలి. ఏజెంటు పేరు మీద రాసిచ్చేవాళ్లను చూశాను, వాళ్ల ధైర్యానికి దండం పెట్టాలి.

తమ్ముడు: ఇంతా విన్నాక నాకొకటి అనిపిస్తోంది. నువ్వు అక్కడ లేకపోతే, నేను ఒక్కణ్నే అమ్మాల్సి వస్తే, ఏజెంటు తప్పదు.

అక్క: తప్పదు. తాళం తీసి చూపించే మనిషి లేకుండా ఇల్లు అమ్ముడుపోదు. నువ్వు ఒంటరిగా ఉంటే రెండు శాతమైనా ఇచ్చి చేయించుకోమనేదాన్ని. మనకు నేనున్నాను, అద్దెవాళ్లు మంచివాళ్లు, ఫ్లాటు నడిచి వెళ్లేంత దూరంలో ఉంది. అందుకే మనమే ప్రయత్నిద్దామంటున్నాను. బేరం మాత్రం బావ ఆడతారు.

తమ్ముడు: ఎంతకాలం ప్రయత్నిద్దాం?

అక్క: దసరా దాకా. అప్పటికీ గట్టి పార్టీ రాకపోతే ఇద్దరు ఏజెంట్లకు రాసి ఇద్దాం, ఒక శాతానికి. 77 లక్షలకు తగ్గేది లేదని అందులోనే పెడదాం.

తమ్ముడు: 78 పెట్టు.

అక్క: సరే, 78. నువ్వు కాన్సులేట్ అపాయింట్‌మెంట్ తీసుకో. ఆడిటర్ నంబరు ఇప్పుడే పంపుతున్నాను.