కల్నల్ బూన్ కాగితాలు

సభకు నమస్కారం.

పద్దెనిమిదో శతాబ్దంలో అమెరికా అడవుల్లో దారులు తీసిన డేనియల్ బూన్ అనగానే పొడవాటి రైఫిల్, వెనక తోక వేలాడే తోలు టోపీ గుర్తొస్తాయి. ఆ టోపీ కట్టుకథ. ఆయన పెట్టుకున్నది మామూలు ఫెల్ట్ టోపీ. వేటగాడి బొమ్మ అబద్ధం కాదు గానీ అది సగమే. వర్జీనియా శాసనసభకు మూడుసార్లు ప్రతినిధి, రెండు కౌంటీల్లో మిలీషియా (స్థానిక పౌరుల దళం) లెఫ్టినెంట్ కల్నల్, డిప్యూటీ సర్వేయరు, షెరీఫు కూడా. ఆయన్ని ముంచినవి ఈ పదవులూ, వాటి వెంట వచ్చిన కాగితాలే. ఈ రోజు మాట్లాడేది ఆ రెండో సగం గురించి.

1734లో పెన్సిల్వేనియాలో పుట్టారు. బడి చదువు అంతంతమాత్రం, స్పెల్లింగు తనకు తోచినట్టు. 1775 మార్చిలో భూముల వ్యాపారం చేసే ట్రాన్సిల్వేనియా కంపెనీ తరఫున సుమారు ముప్పై మంది గొడ్డళ్లవాళ్లను వెంటబెట్టుకుని కంబర్లండ్ కనుమ మీదుగా కెంటకీకి దారి కొట్టారు. ఆ మే నెలలోనే బూన్స్‌బరోలో నాలుగు స్థావరాల ప్రతినిధులు ఒక పెద్ద ఎల్మ్ చెట్టు కింద సభ పెట్టుకున్నారు. అక్కడ బూన్ తెచ్చిన బిల్లులు రెండు: వేట జంతువుల సంరక్షణ, గుర్రాల జాతి మెరుగుదల. అడవిదున్నల మందలు అప్పటికే పలచబడుతున్నాయి, ఆ సంగతి వేటగాడికే ముందు తెలుస్తుంది. ఆయన శాసనసభా జీవితంలో ఇంత సూటిగా ఆయనదే అనిపించే పని ఇంకొకటి లేదు.

ఆ చట్టాలు నిలవలేదు, కంపెనీయే నిలవలేదు. చెరోకీ ఆదివాసీల దగ్గర కొన్నామన్న భూమి కొనుగోలును, అప్పట్లో కెంటకీని ఏలుతున్న వర్జీనియా 1778లో రద్దు చేసింది. యజమాని హెండర్సన్‌కు పరిహారంగా రెండు లక్షల ఎకరాలు వచ్చాయి. దారి కొట్టినందుకు బూన్‌కు ఇస్తామన్న 2,000 ఎకరాలు మాత్రం గాలికి పోయాయి.

తర్వాత వచ్చింది 1779 భూచట్టం. 1778కి ముందు స్థిరపడినవాళ్లకు 400 ఎకరాలు, పక్కనే మరో 1,000 ఎకరాల మీద మొదటి హక్కు. మిగతాది నూరు ఎకరాలకు 40 పౌండ్ల చొప్పున ఖజానా వారంట్లు, అంటే భూమి కోరే హక్కు పత్రాలు. వారంటు చేతికొస్తే భూమి వచ్చినట్టు కాదు. ముందు కౌంటీ సర్వేయరు పుస్తకంలో ఎంట్రీ, అంటే ఏ భూమి కావాలో ఆ వివరం, రాయించాలి. తర్వాత సర్వే, పటం. పటం భూకార్యాలయానికి వెళ్లాక ఎవరైనా అభ్యంతరం పెట్టడానికి గడువు. అదంతా దాటితేనే గవర్నర్ సంతకంతో పట్టా. ఎక్కడ తప్పినా వెనకవాడు ముందుకొస్తాడు.

ఎంట్రీ దగ్గరే ఎక్కువమంది తప్పారు. పక్కవాడు తన భూమి ఎక్కడ మొదలవుతుందో తెలుసుకునేంత కచ్చితంగా రాయాలని చట్టం చెప్పింది. జనం రాయించింది మాత్రం ‘ఫలానా వాగు ఎడమ ఒడ్డున, రెండు వాల్‌నట్ చెట్ల దగ్గర మొదలై’ అనే తీరులో. అలాంటి వాగులు పది, వాల్‌నట్ చెట్లు పదివేలు. ఒకడి భూమి మీద ఇంకొకడిది, దాని మీద మూడోవాడిది పెంకుటింటి కప్పులా పేరుకున్నాయి.

కొలతలు మన రైతులకు కొత్తవేం కావు. పోల్ అంటే 16½ అడుగులు, నాలుగు పోళ్లు ఒక గొలుసు, 66 అడుగులు, నూరు లింకులు. ఎకరానికి 160 చదరపు పోళ్లు. రెండు పోళ్లు పొడవు, రెండు పోళ్లు వెడల్పు వేసి చూడండి: 33 అడుగుల చదరం, 121 చదరపు గజాలు, తెలంగాణలో మనం గుంట అనేది సరిగ్గా అదే. 400 ఎకరాలు చదరంగా కొలవాలంటే ఒక్కో వైపు దాదాపు 253 పోళ్లు నడవాలి. ఇద్దరు గొలుసు పట్టేవాళ్లు, చెట్ల మీద గాటు పెట్టేవాడొకడు, దిక్సూచితో సర్వేయరు. దిక్సూచి ఒక్క డిగ్రీ తేడా చూపితే మైలు దూరానికి గీత 92 అడుగులు పక్కకు పోతుంది. పైగా ఎత్తుపల్లాల్లో గొలుసు సాగదు, హద్దు చెట్టు కాలిపోతుంది, గాటు పూడిపోతుంది. పోనీ గీత తిన్నగానే పడిందనుకుందాం, ఎంట్రీ వదులుగా ఉంటే అదేమీ కాపాడదు. బూన్ 1780ల్లో ఇతరుల కోసం ఎన్నో సర్వేలు చేశారు. కూలి చాలాసార్లు భూమిలో వాటాగానే వచ్చేది. అంటే అవతలివాడి హక్కు కూలితే సర్వేయరు సంపాదనా కూలినట్టే.

డబ్బు విషయంలోనూ అదే నలుగుడు. 1780లో పొరుగువాళ్ల సొమ్ముతో కలిపి సుమారు 20,000 డాలర్లు తీసుకుని, వారంట్లు కొనడానికి విలియమ్స్‌బర్గ్ బయల్దేరారు. దారిలో ఒక సత్రంలో పడుకుంటే తెల్లారేసరికి మూట లేదు. సొమ్ము ఇచ్చినవాళ్లలో హార్ట్ సోదరులు ఆయన నిజాయితీని నమ్మి నష్టాన్ని దిగమింగారు. మిగతావాళ్ల బాకీని ఆయన ఏళ్ల తరబడి మోశారు.

ఇక మిలీషియా. వర్జీనియా పద్ధతిలో కౌంటీ లెఫ్టినెంట్ పైన, ఆ కింద కల్నల్, లెఫ్టినెంట్ కల్నల్, మేజర్లు. కౌంటీ కోర్టు సిఫారసు చేస్తే గవర్నర్ నియమించేవారు. 1778లో ఉప్పు వండే బృందాన్ని షానీ ఆదివాసీలకు అప్పగించాడన్న ఆరోపణ మీద బూన్‌ను సైనిక విచారణకు నిలబెట్టారు. నిర్దోషి అని తేల్చడమే కాదు, మేజర్‌గా పెంచారు కూడా. 1780 చివర్లో కెంటకీ కౌంటీని మూడుగా చీల్చినప్పుడు ఫయెట్‌కు జాన్ టాడ్ అధిపతి, బూన్ లెఫ్టినెంట్ కల్నల్.

1781లో ఫయెట్ తరఫున తొలిసారి శాసనసభకు వెళ్లారు. అది స్వాతంత్ర్య యుద్ధ కాలం, బ్రిటిష్ సేన రాజధాని రిచ్‌మండ్ వైపు రావడంతో సభ షార్లట్స్‌విల్‌కు తరలింది. జూన్ 4న బ్రిటిష్ అధికారి టార్ల్టన్ గుర్రపు దళం అక్కడికీ వచ్చింది. జాక్ జూయెట్ అనే వర్జీనియా వాసి రాత్రంతా నలభై మైళ్లు స్వారీ చేసి హెచ్చరించడంతో చాలామంది తప్పించుకున్నారు, కానీ బూన్ దొరికిపోయారు. కొద్దిరోజులకే వదిలేశారు. సభ పర్వతాలు దాటి స్టాంటన్‌లో మళ్లీ కూర్చుంది.

మరుసటి ఏడాది ఆగస్టు 19న బ్లూ లిక్స్ పోరు. బ్రయన్ స్టేషన్ అనే కోట స్థావరాన్ని ముట్టడించి వెనక్కి వెళుతున్న బ్రిటిష్ రేంజర్లనూ, వారి మిత్రులైన ఆదివాసీ యోధులనూ సుమారు 180 మంది కెంటకీ మిలీషియావాళ్లు తరుముతూ లికింగ్ నది దాకా వచ్చారు. అవతల ఉన్నది 300 మందికి పైనే. జాడ మరీ తేలిగ్గా దొరుకుతోందని బూన్‌కు అనుమానం: వెళ్లేవాళ్లు కావాలనే చెట్లకు గాట్లు పెట్టారు, ఒకరి అడుగులో ఒకరు అడుగేసి సంఖ్య దాచారు. గుట్ట వెనక లోయల్లో మాటు ఉంటుంది, వెనకే వస్తున్న కల్నల్ లోగన్ దళం కోసం ఆగుదాం అన్నారు. మేజర్ హ్యూ మెక్‌గ్యారీ ఆగలేదు. ముందు రోజు ఆగమన్నందుకు పిరికివాడన్న మాట పడ్డాడు, ఆ కసితో పిరికివాళ్లు కానివాళ్లు నా వెంట రండంటూ గుర్రాన్ని నదిలోకి దించాడు. జనం వెంటపడ్డారు. కుడివైపు కల్నల్ ట్రిగ్, మధ్యలో కల్నల్ టాడ్, ఎడమవైపు బూన్. బూన్ వరస ముందుకు సాగింది గానీ కుడి వరస కొద్ది నిమిషాల్లోనే విరిగింది. మొత్తం పోరు పావుగంట. డెబ్భై మందికి పైగా చనిపోయారు. టాడ్, ట్రిగ్, బూన్ కొడుకు ఇజ్రాయెల్ వారిలో ఉన్నారు.

తప్పు మెక్‌గ్యారీ ఒక్కడిదే అని వదిలేయడం తేలిక. కానీ ఇరుగుపొరుగువాళ్లతో కూడిన దళంలో కల్నల్ మాట కంటే పరువు మాట బరువెక్కువ, అక్కడ ముగ్గురు కల్నల్స్ ఉండి కూడా ఆపలేకపోయారు. ఆగస్టు 30న గవర్నర్ బెంజమిన్ హారిసన్‌కు రాసిన లేఖలో బూన్ 500 మందిని అడిగారు. వాళ్లను జనరల్ క్లార్క్ కిందకు పంపితే లాభం లేదనీ, ఆయన ఉండేది పశ్చిమాన, శత్రువు వచ్చేది ఈశాన్యం నుంచీ అనీ వివరించారు. స్పెల్లింగు ఎలా ఉన్నా, ఆ లేఖలో భూగోళం మాత్రం నిక్కచ్చిగా ఉంది.

1787లో బోర్బన్ కౌంటీ నుంచి, 1791లో కనావా కౌంటీ నుంచి మళ్లీ ఎన్నికయ్యారు. మధ్యలో ఓహియో ఒడ్డున లైమ్‌స్టోన్‌లో సత్రం, దుకాణం, గుర్రాల బేరం. 1787 పన్ను లెక్కల్లో ఆయన పేర ఏడుగురు బానిసలు ఉన్నారు. స్థావరాల వీరగాథల్లో ఆ వరుస ఎవరూ చదవరు. కనావాలో లెఫ్టినెంట్ కల్నల్‌గా ఉంటూనే మిలీషియాకు తిండి, మందుగుండు సరఫరా చేసే కాంట్రాక్టు పట్టారు. ప్రతినిధీ, అధికారీ, గుత్తేదారూ ఒక్కరే. సరుకు సమయానికి చేరలేదు, కెప్టెన్ కేపర్టన్‌తో గొడవైంది, బూన్ విసిగి అడవికి వెళ్లిపోయారు. ఈ ఘట్టంలో ఆయన్ని సమర్థించడం కష్టం. ఆకలితో ఉన్న దళానికి అధిపతి అలక సాయపడదు.

కెంటకీ 1792లో రాష్ట్రమయ్యాక దావాలు ముసురుకున్నాయి. 1798లో ఒక కేసులో హాజరు కానందుకు ఆయన మీద అరెస్టు వారంటు జారీ అయింది, అదే ఏడాది అదే రాష్ట్రం ఒక కౌంటీకి ఆయన పేరు పెట్టింది. 1799లో స్పెయిన్ ఏలుబడిలో ఉన్న మిస్సోరీకి వలసపోయారు. అక్కడ దొరికిన 850 ఎకరాలు కూడా, మిస్సోరీతో కూడిన లూసియానా ప్రాంతం అమెరికా చేతికి వచ్చాక, షరతులు పూర్తి చేయలేదని పోయాయి. 1814లో కాంగ్రెస్ వాటిని తిరిగి ఇచ్చింది. కెంటకీలో అప్పిచ్చినవాళ్లు వెతుక్కుంటూ వచ్చారు, ఆ భూమి అమ్మి వాళ్లకు చెల్లించారు. 1820 సెప్టెంబరు 26న కొడుకు నేథన్ ఇంట్లో చనిపోయేనాటికి ఆయన పేర భూమి లేదు.