తలుపు మూసిన కిల్న్‌లో గాజు: ఒక కళాకారిణి పనిగది నుంచి

సభకు నమస్కారం.

గాజు కళ అనగానే చాలామంది మనసులో మెదిలేది, పొడవాటి ఇనుప గొట్టం చివర ఎర్రగా మెరిసే ముద్దను ఊదుతూ తిప్పుతున్న కళాకారుడి రూపం. ఆ పనిలో మనిషి, కరిగిన గాజు ఎదురెదురుగా ఉంటారు. తప్పు జరుగుతుంటే కంటికి కనబడుతుంది, చేయి వెంటనే సరిదిద్దుతుంది. నేను చేసే పని వేరు. చల్లని గాజు పలకలను కోసి, ఒకదానిమీద ఒకటి పేర్చి, విద్యుత్తుతో నడిచే కొలిమి అయిన కిల్న్‌లో ఉంచి, తలుపు మూసి, అవన్నీ ఒకే ముక్కగా కలిసిపోయేదాకా వేడిచేసి, మళ్లీ గది ఉష్ణోగ్రతకు దించడమే ఫ్యూజ్డ్ గ్లాస్. గాజు మెత్తబడి రూపం మార్చుకునే సమయంలో నా చేయి దానిమీద ఉండదు. అందువల్లనే కాబోలు, ఈ కళ గురించి ఒక మాట తరచుగా వినిపిస్తుంది: లోపల ఏం జరుగుతుందో కిల్న్‌కే తెలుసు, అది ఇచ్చినదాన్ని వరంగా స్వీకరించాలి అని. ఈ మాటను నేను ఒప్పుకోను. తలుపు మూసిన తరువాత జరిగే ప్రతి మార్పుకూ కారణం ఉంది, ఆ కారణాన్ని ముందుగానే తెలుసుకుని ఉండవలసిన బాధ్యత కళాకారిణిది. ఈ రోజు మీతో పంచుకోదలచింది ఆ కారణాల గురించే.

గాజుకు ఇదీ అని చెప్పదగిన ద్రవీభవన స్థానం లేదు. వేడి పెరిగేకొద్దీ అది క్రమంగా మెత్తబడుతుంది, ఆ క్రమంలో ఒక్కొక్క మెట్టు దగ్గర ఒక్కొక్క పనికి లొంగుతుంది. సుమారు 540 డిగ్రీల సెల్సియస్ దాటేవరకు అది పెళుసుగానే ఉంటుంది కనుక తొందరపడి వేడిచేస్తే పగులుతుంది. 620 నుంచి 680 డిగ్రీల మధ్య పలక తన బరువుకు తానే వంగి, కింద ఉంచిన సిరామిక్ అచ్చు ఆకారాన్ని తీసుకుంటుంది. పళ్లేలు, గిన్నెలు తయారయ్యే ఈ పద్ధతిని స్లంపింగ్ అంటాము. 730 నుంచి 760 వరకు వెళితే ముక్కలు ఒకదానికొకటి అతుక్కుంటాయి గాని, వాటి అంచులు, ఎత్తుపల్లాలు వేలికి తగులుతూనే ఉంటాయి. 800 దాటాక గాజు ముదురు పాకంలా కదిలి, పొరల మధ్య హద్దులు చెరిగిపోయి, పైభాగం చదునుగా నునుపెక్కుతుంది. ఈ అంకెలను యథాతథంగా కంఠస్థం చేయడం వల్ల ప్రయోజనం తక్కువ. కాస్త తక్కువ ఉష్ణోగ్రతలో ఎక్కువసేపు నిలిపినా దాదాపు అదే ఫలితం వస్తుంది, ఎందుకంటే గాజు మీద పనిచేసేది ఉష్ణోగ్రత ఒక్కటే కాదు, ఆ ఉష్ణోగ్రతలో అది గడిపిన కాలం కూడా. అయితే 700 నుంచి 760 డిగ్రీల మధ్య అవసరానికి మించి ఆలస్యం చేస్తే ఉపరితలం మీద స్ఫటికాలు ఏర్పడి, తెల్లని మసకపొర కమ్ముకుంటుంది. తుడవకుండా వదిలేసిన వేలిముద్ర కూడా ఆ పొరకు చోటు ఇస్తుంది కాబట్టి, పలకలను కడిగి ఆరబెట్టే పనికి నేను కేటాయించే సమయం చూసేవారికి అతిగా అనిపించవచ్చు.

కొత్తగా నేర్చుకునేవారికి నేను మొట్టమొదట చెప్పేది ఆరు మిల్లీమీటర్ల నియమం. పూర్తిగా మెత్తబడిన గాజును తలతన్యత లోపలికి లాగుతుంది, గురుత్వాకర్షణ బయటికి పరుస్తుంది. ఈ రెండు బలాలూ సమానమయ్యే మందం దాదాపు 6 మిల్లీమీటర్లు. కనుక 3 మిల్లీమీటర్ల ఒంటి పలకను పూర్తి వేడికి తీసుకువెళితే అది కుంచించుకుపోతుంది, అంచులు సూదిమొనల్లా తేలుతాయి, మధ్యభాగం పలచబడి బుడగలకు లొంగిపోతుంది. మూడు పలకలు పేరిస్తే తొమ్మిది మిల్లీమీటర్లు. అది పక్కలకు పారి, మీరు కోసిన వృత్తం కంటే పెద్ద వృత్తం అవుతుంది. అంటే, బల్లమీద నేను గీసే గీత తుది గీత కాదు. అది ఎక్కడినుంచి ఎక్కడికి జరుగుతుందో లెక్కవేసి, చివర ఉండవలసిన చోటికి చేరేటట్లు మొదట దాన్ని మరొక చోట ఉంచాలి. ఈ దూరదృష్టిని నేను ఈ కళలోని చిత్రలేఖనంగా భావిస్తాను. రెండు పలకల నడుమ చిక్కుకున్న గాలి విషయం కూడా ఇటువంటిదే: అంచులు మూసుకుపోకముందే, 650 డిగ్రీల పరిసరాల్లో అరగంటో, పెద్ద పలకలైతే ఇంకా ఎక్కువసేపో నిలిపితే, పై పలక నెమ్మదిగా దిగి గాలిని పక్కలకు నెట్టివేస్తుంది.

ఇక అసలు కష్టమైన విషయానికి వస్తాను. అన్ని గాజులూ ఒకదానితో ఒకటి కలవవు. వేడికి ప్రతి గాజూ వ్యాకోచిస్తుంది, చల్లారేటప్పుడు సంకోచిస్తుంది. ఎంత అన్నది దాని రసాయన మిశ్రమాన్ని బట్టి ఉంటుంది. ఫ్యూజింగ్ కోసం అమ్మే గాజులలో ఎక్కువగా కనిపించేవి రెండు రకాలు, వాటిని పనివాళ్లం 90 అని, 96 అని పిలుస్తాము. 90 రకం గాజు ఒక మీటరు పొడవుంటే, ఒక డిగ్రీ వేడికి ఒక మిల్లీమీటరులో వెయ్యింట తొమ్మిది వంతులు సాగుతుంది. 96 రకం అంతకంటే కొంచెం ఎక్కువ సాగుతుంది. ఆ కొంచెం ఎంతో లెక్కవేసి చూద్దాం: 30 సెంటీమీటర్ల పళ్లెంలో ఈ రెండింటినీ కలిపి, గట్టిపడే ఉష్ణోగ్రత నుంచి గది ఉష్ణోగ్రత వరకు, అంటే సుమారు 460 డిగ్రీలు చల్లారిస్తే, వాటి సంకోచంలో తేడా దాదాపు 0.08 మిల్లీమీటర్లు. ఒక తలవెంట్రుక మందం. రెండూ అప్పటికే ఒకే ముక్కగా అతుక్కుని ఉన్నాయి కాబట్టి ఆ వెంట్రుకవాసి తేడా జారుకోవడానికి చోటు దొరకక లోపల ఒత్తిడిగా నిలిచిపోతుంది. పళ్లెం కిల్న్‌లోనే పగలవచ్చు, వారం తరువాత అల్మరాలో ఎవరూ తాకకుండానే పగలవచ్చు. అంకె ఒక్కటైతే చాలునని కూడా అనుకోకూడదు. గట్టిపడే దశలో రెండు గాజుల చిక్కదనం వేరువేరుగా ఉంటే, ఒకే అంకె ఉన్నా అవి పొసగకపోవచ్చు.

ఈ ఒక్క సమస్యే ఫ్యూజ్డ్ గ్లాస్ చరిత్రను చాలావరకు నడిపించింది. ప్రాచీన కాలంలో రంగుల గాజు కడ్డీలను బిళ్లలుగా కోసి, పక్కపక్కన పేర్చి, వేడితో కలిపి గిన్నెలుగా వంచేవారు. హెలెనిస్టిక్ (అలెగ్జాండర్ తరువాతి గ్రీకు), రోమన్ కాలాల నాటి మొజాయిక్ గిన్నెలు ఇప్పటికీ మ్యూజియాలలో ఉన్నాయి. క్రీ.పూ. 1వ శతాబ్దంలో తూర్పు మధ్యధరా తీరంలో ఊదే పద్ధతి పుట్టాక, అది ఎంతో వేగమైనది కాబట్టి, ఈ పద్ధతి వెనుకబడింది. 20వ శతాబ్దం నడుమ షికాగోలో ఫ్రాన్సెస్ హిగ్గిన్స్, మైకేల్ హిగ్గిన్స్ దంపతులు దీన్ని మళ్లీ చేపట్టినప్పుడు మామూలు కిటికీ గాజునే ఎంచుకుని, రెండు పలకల మధ్య ఎనామెల్ రంగులు, అంటే వేడికి గాజుతో కలిసిపోయే రంగు పొడులు, పరిచి కలిపారు. ఒకే రకం పలక తనతో తాను తప్పక పొసగుతుంది గదా! వారి పనిలోని ఆ పలుచని, చిత్రపటంలాంటి రంగు తీరుకు ఈ ఇబ్బందే ఒక కారణమని నా అభిప్రాయం.

మలుపు ఆ తరువాత వచ్చింది. జర్మనీలోని హాంబర్గ్‌లో తండ్రి కార్ఖానాలో గాజు చెక్కడం నేర్చుకున్న క్లాస్ మోయె, 1979లో అమెరికాలోని పిల్చుక్ గాజు పాఠశాలకు వచ్చినప్పుడు, పోర్ట్‌లాండ్‌లో 1974లో మొదలైన బుల్స్‌ఐ గాజు కర్మాగారం స్థాపకులలో ఒకరైన బోయ్స్ లండ్‌స్ట్రమ్‌ను కలుసుకున్నారు. ఒకదానితో ఒకటి పొసగే రంగుల గాజు పలకలు కావాలన్న ఆయన కోరికను ఆ కర్మాగారం పట్టించుకుని, పరీక్షించిన రంగుల శ్రేణిని తయారుచేయసాగింది. మోయె 1982లో ఆస్ట్రేలియా వెళ్లి, కాన్‌బెర్రా కళాపాఠశాలలో గాజు విభాగాన్ని నెలకొల్పారు. రంగు పట్టీలను కోసి, కలిపి, మళ్లీ కోసి, మళ్లీ కలిపి ఆయన చేసిన పళ్లేలను చూస్తే, పొసగే గాజు చేతికి అందగానే ఒక కళాకారుడి ఊహ ఎంత దూరం పోగలదో అర్థమవుతుంది. ఆయన 2016లో మరణించారు. నేను ఈ రోజు ఎరుపు పక్కన నీలాన్ని నిర్భయంగా పెడుతున్నానంటే, ఆ సంభాషణకు నేను ఋణపడి ఉన్నాను.

పొసగే గాజు దొరికినా పని సగమే అయినట్టు. చూడవచ్చినవారు కిల్న్ ఎంత వేడెక్కుతుందని అడుగుతారే గాని, ఎంత నెమ్మదిగా చల్లారుతుందని అడిగేవారు అరుదు. నా దృష్టిలో రెండో ప్రశ్నే ముఖ్యమైనది. ముక్క పైభాగం ముందుగా, లోపలి భాగం తరువాత చల్లారితే, ఒకే రకం గాజులో కూడా ఒత్తిడి చిక్కుకుంటుంది. అందుకే బుల్స్‌ఐ గాజునైతే 482 డిగ్రీల దగ్గర నిలిపి, లోపలా బయటా ఒకే వేడికి వచ్చాక, అక్కడినుంచి కొలిచిన వేగంతో దించుతాము. దీన్ని మంద శీతలీకరణ అంటారు. పనిలో మేము అనీలింగ్ అంటాము. ఇక్కడ ఒక కఠినమైన నియమం ఉంది: మందం రెట్టింపయితే చల్లార్చే వేగాన్ని సగానికి తగ్గిస్తే చాలదు, నాలుగో వంతుకు తగ్గించాలి. 25 మిల్లీమీటర్ల ముక్కను ఆ దశలో గంటకు 15 డిగ్రీల చొప్పున దించవచ్చు. 50 మిల్లీమీటర్లదైతే గంటకు నాలుగు డిగ్రీలకు లోపే. మొదటిది అనీలింగ్ మొదలు గది ఉష్ణోగ్రతకు చేరడానికి సుమారు 14 గంటలు తీసుకుంటే, రెండోది దాదాపు రెండు రోజులు తీసుకుంటుంది. అమెరికాలోని పాలొమార్ కొండమీది హేల్ దూరదర్శిని కోసం 1934లో పోతపోసిన 200 అంగుళాల అద్దపు బిళ్లను దాదాపు పది నెలలపాటు చల్లార్చారని తెలిసినప్పుడు, నా రెండు రోజులు నాకు ఎక్కువగా తోచలేదు.

అదృష్టవశాత్తు ఈ ఒత్తిడిని చూడవచ్చు. ఒకే దిశలో కంపించే వెలుతురును మాత్రమే పోనిచ్చే రెండు ధ్రువణ ఫిల్ములను ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా ఉంచితే వాటి గుండా వెలుతురు రాదు. మధ్యలో గాజు ముక్కను పెట్టినప్పుడు ఆ చీకటి అలాగే ఉంటే గాజు ప్రశాంతంగా ఉన్నట్టు. రంగు ముక్క అంచుల చుట్టూ వెలుగు వలయం కనబడితే అక్కడ ఒత్తిడి ఉన్నట్టు. కొత్త రంగు ఏది వచ్చినా, దాని పెంకును పారదర్శకమైన పట్టీ మీద కరిగించి, ఈ పరీక్ష చేసిన తరువాతే పెద్ద పనిలో వాడతాను.

రంగుల సంగతి చెప్పకుండా ముందుకు పోలేను, నన్ను ఈ పనిలోకి తెచ్చినవి అవే. కోబాల్ట్ నీలాన్ని, బంగారం గులాబీని, సెలీనియం, కాడ్మియం పసుపు, నారింజ, ఎరుపులను ఇస్తాయి. వీటిలో కొన్ని గాజులు కొన్నప్పుడు వెలవెలబోయి ఉంటాయి. కిల్న్‌లో వేడి తగిలాకే అసలు రంగు బయటపడుతుంది. కాబట్టి బల్లమీద పేర్చేటప్పుడు నేను కళ్లెదుట ఉన్న రంగులతో కాక, రాబోయే రంగులతో కూర్పు చేయాలి. రసాయనాలు పరస్పరం తగులుకునే చోట్లు ఇంకా ఆసక్తికరం. రాగి ఉన్న నీలిపచ్చ గాజు, గంధకం ఉన్న మీగడరంగు గాజు కలిసే అంచు వెంట ముదురు గోధుమరంగు గీత ఏర్పడుతుంది. తెలియనివారికి అది మచ్చ. నాకు అది కలంతో ఎవరూ గీయలేని సన్నని గీత, నా పనులలో ఎన్నింటికో అదే ప్రాణం. నా గోడ నిండా ఉన్న నమూనా బిళ్లలు ఇటువంటి కలయికల నిఘంటువు. దృష్టికోణం మారితే రంగు మారే డైక్రోయిక్ గాజు పట్ల మాత్రం నేను కొంత పొదుపుగా ఉంటాను. లోహ ఆక్సైడుల అతి పలుచని పొరలు పూసిన ఆ గాజు ఎంత అందమైనదైనా, ఒక మూల ఉంటేనే కన్ను మిగతా రంగులను చూస్తుంది.

పనిగదిలో రోజు కిల్న్ కంట్రోలర్ అంకెతో మొదలవుతుంది. లోపలి వేడి దాదాపు గది వేడికి దిగేవరకు తలుపు తెరవను. ఆత్రుతతో తెరిచినవారికి చిటపటమనే శబ్దమే మిగులుతుంది. తీసిన ముక్క గురించి పుస్తకంలో రాస్తాను: ఏ గాజు, ఎంత మందం, షెల్ఫ్ మీద ఏ మూల, ఏ వేగంతో ఎంతవరకు, ఫలితం ఏమిటి. ప్రతి కిల్న్‌కూ ఒక వేడి మూల, ఒక చల్లని మూల ఉంటాయి. వాటిని ఆ పుస్తకమే పట్టిస్తుంది. తరువాత షెల్ఫ్‌ను గీకి, అల్యూమినా, చీనామట్టి కలిపిన కిల్న్ వాష్‌ను దిశ మారుస్తూ పూతలు పూతలుగా పూసి ఆరబెడతాను, లేకపోతే గాజు షెల్ఫ్‌కు అంటుకుపోతుంది. మధ్యాహ్నం కోత. కట్టర్ చక్రం నిజానికి గాజును కోయదు, పైన సన్నని చీలిక వేస్తుంది. శ్రావణంతో వంచితే ఆ చీలిక వెంట పలక విడిపోతుంది. గీసిన గీతమీద మళ్లీ గీయకూడదు. సరిగా పడ్డ గీత చప్పుడు ఒకే తీరుగా, సన్నగా సాగుతుంది, దాన్ని చెవి పట్టుకోవడానికి కొంతకాలం పడుతుంది.

ఆరోగ్యం గురించి యువ కళాకారులకు గట్టిగా చెప్పదలచుకున్నాను. గాజు పొడి, కిల్న్ వాష్ గీకినప్పుడు లేచే ధూళి, సిరామిక్ ఫైబర్ పోగులు కంటికి కనబడనంత సన్నగా గాలిలో నిలుస్తాయి. ప్లాస్టర్, సిలికా అచ్చులలోని స్ఫటిక సిలికా ఊపిరితిత్తులకు నయం కాని సిలికోసిస్‌ను తెస్తుంది. సరిగా అమరే రెస్పిరేటర్ ధరించండి, పొడి చీపురు వాడకుండా తడిగుడ్డతో తుడవండి. ఈ పనిని మనం ముసలితనం వరకు చేయాలి.

కిల్న్ నుంచి వచ్చాక కూడా పని ఉంటుంది. డైమండ్ చక్రాల మీద, ధారగా పడే నీటి కింద అంచులను అరగదీసి, ముతక నుంచి సన్నానికి ఒక్కొక్క దశ దాటి, చివర సీరియం ఆక్సైడ్‌తో మెరుగు పెట్టవచ్చు. నేను చాలాసార్లు మెరుగుకు ముందే ఆపుతాను. మసక ఉపరితలం వెలుతురును లోపలే పట్టి ఉంచి, రంగును నెమ్మదిగా బయటికి వదులుతుంది. శరీరం అలిసేది ఇక్కడే, మొత్తం ప్రక్రియలో గాజును నేను నిజంగా చేత్తో తాకుతూ రూపం మార్చేదీ ఇక్కడే.

ఈ వేదిక పక్కనున్న బల్లమీద కొన్ని నమూనాలు, రెండు ధ్రువణ ఫిల్ములు, కింద ఒక దీపం ఏర్పాటు చేశాను. ఆ ముక్కలలో రెండింటిలో పొసగని గాజులు ఉన్నాయి, ఒకటి తొందరగా చల్లార్చినది, మిగిలినవి సరిగా చేసినవి. మామూలు కంటికి అన్నీ ఒకే తీరుగా కనిపిస్తాయి. ఒక్కొక్కటిగా ఫిల్ముల మధ్య పెట్టి ఏది ఏదో మీరే తేల్చండి, పగుళ్లు వచ్చే అవకాశమున్నవి కాబట్టి అక్కడ ఉంచిన చేతితొడుగులు తప్పక వేసుకోండి. తరువాత మీ ప్రశ్నలు తీసుకుంటాను.