రోకలి సంగతి కూడా రాయండి

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలకు, ఆదివారం కూడా గ్రంథాలయం తలుపులు తెరిచి ఉంచిన సిబ్బందికి, ఈ ఎండలో బస్సులు మారి అనంతపురం దాకా వచ్చిన మీకు కృతజ్ఞతలు. స్థానిక వంటల గురించి రాయడం ఎలా మొదలుపెట్టాలో చెప్పమన్నారు. ఫొటో ఎలా తీయాలో, శీర్షిక ఎలా పెట్టాలో నాకంటే మీకే బాగా తెలుసు. నేను ఒక్క విషయం కోసం వచ్చాను.

సీమ తిండి అనగానే బయటివాళ్ళు రాసేది కారం గురించి, లేదంటే నాటుకోడి పులుసు గురించి. హోటల్ బోర్డు మీద రాయలసీమ రుచులు అని ఉంటే కూరలో పిడికెడు కారం ఎక్కువ పడిందని అర్థం. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే జిల్లా ఇది. ఆ వానకు పండిందే మా పెద్దల కంచంలో ఉండేది. కొర్రలు, జొన్నలు, సజ్జలు, రాగులు. చెరువు కింద మడి ఉన్నవాళ్ళకే రోజూ వరన్నం, మిగతావాళ్ళకు పండగకో పెళ్ళికో. సంగటి పక్కకు చెనక్కాయల ఊరుబిండి, అంటే వేరుశనగ పచ్చడి, ఎందుకు వచ్చిందో కారం గురించి రాసేవాళ్ళు అడగరు.

ఆ సంగటే చూడండి. ఎసట్లో నూకలు మెత్తగా ఉడికాక రాగిపిండి కుప్పగా పోసి మూత పెడతారు. అప్పుడే కలపరు. ఆవిరికి పిండి మగ్గాకే కట్టెతో గెలకాలి, తొందరపడితే ఉండలు కడుతుంది. ఇది తెలియాలంటే పొయ్యి పక్కన కూర్చోవాలి. వంటయ్యాక వెళ్ళి, తిని, అద్భుతం అని రాసుకొచ్చేవాళ్ళకు ఇది దొరకదు. ఉగ్గాని గురించీ చెప్పాలనుకున్నాను, బొరుగులు ఎంతసేపు నానాలి, పుట్నాలపొడి ఎప్పుడు చల్లాలి అని. సమయం చాలదు. కొర్రల దగ్గరికి వస్తాను.

చాలా ఏళ్ళ కిందట ఒక పత్రికకు కొర్రన్నం మీద వ్యాసం పంపాను. మా అవ్వ దగ్గర కూర్చుని రాసుకున్నది. కొర్రలు రోట్లో పోసి దంచాలి, చేటతో చెరగాలి, పొట్టు పోకపోతే మళ్ళీ దంచాలి. పెద్ద కుటుంబమైతే తెల్లవారకముందే కోడళ్ళు రోలు దగ్గరికి చేరేవాళ్ళు. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం మొదలుపెట్టినప్పుడు ఊళ్ళో అందరికంటే ఎక్కువ సంతోషించింది రోకలి పట్టిన ఆడవాళ్ళేనని అవ్వ చెప్పింది. "ఆ బియ్యం వచ్చినాకే నా రెక్కలకు నిద్ర దొరికింది" అంది.

నేను అదే రాశాను. అచ్చయిన వ్యాసంలో ఆ పేరా లేదు. కొలతలున్నాయి, చేసే విధానం ఉంది, పైన అవ్వల నాటి ఆరోగ్య రహస్యం అని శీర్షిక ఉంది. ఫోన్ చేస్తే, "పాఠకులకు కష్టాలెందుకమ్మా, రుచి చాలు" అన్నారు. అవ్వకు చదివి వినిపించాను. అంతా విని, "రోలు సంగతి చెప్పలేదేమే?" అంది. ఆమెకు నేనేం జవాబు చెప్పాలి? అప్పటి నుంచి పేరా తీసేస్తామంటే వ్యాసమే ఇవ్వను.

మీలో ఎంతమంది ఇళ్ళల్లో రోలు ఉంది? చేతులెత్తండి. చాలామందికే ఉంది. దాంట్లో ఎవరు దంచేవాళ్ళో కనుక్కున్నవాళ్ళు? చూశారా.

2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. చాలా సంతోషం. కొర్రలు మళ్ళీ చేలల్లోకి రావాలని నేనూ కోరుకుంటున్నాను. పొట్టు తీయడానికి ఇప్పుడు మిషన్లున్నాయి. కానీ వస్తున్న రాతలు చదవండి. పూర్వీకులు తెలివిగా తిన్నారట, మనం తెల్లబియ్యానికి బానిసలమయ్యామట. ఎవరి మీద మోపుతున్నారు ఈ నేరం? రోకలి పక్కన పెట్టి కాసేపు నడుం వాల్చిన ఆడమనిషి మీదా? స్థానిక రుచిని పొగడండి, ఎంతైనా పొగడండి, ఆమెను మాత్రం తప్పుపట్టకండి.

ఇది మన సీమ ఒక్కదానికే చెప్పే మాట కాదు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాని గురించి రాసేటప్పుడు బోర్లించిన కుండ కింది మంట గురించి, ఆ సెగ ముందు గంటల తరబడి కూర్చునే ఆడవాళ్ళ గురించి కూడా రాయాలి కదా.

ముగించమని చీటీ వచ్చింది. ఒక పని చెప్పి దిగిపోతాను. ఇంట్లో అందరికంటే పెద్దావిడ దగ్గరికి వెళ్ళండి. పండగ వంటల గురించి అడగొద్దు. మామూలు రోజు రాత్రి ఏం తినేవాళ్ళు, ఎవరు వండేవాళ్ళు, అందరికంటే చివర ఎవరు తినేవాళ్ళు, తక్కువైతే ఎవరికి తక్కువయ్యేది అని అడగండి. ఆమె మాటల్లోనే రాయండి. ఆమె ఒప్పుకుంటే పేరు పెట్టండి. అచ్చుకు పంపే ముందు ఆమెకు చదివి వినిపించండి. ఏ పత్రికా వేసుకోకపోతే నాకివ్వండి, కూర్చుని చదువుతాను. ఏ పేరా తీసేయమనను.