వైఫై కంట్రోలర్‌కు కనిపించనివి

అందరికీ నమస్కారం. ఇక్కడ కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది ఎక్కడో ఒకచోట నెట్‌వర్క్ చూసుకునేవాళ్లే. వైఫై రావడం లేదని ఎవరైనా ఫోన్ చేస్తే లేచి వెళ్లాల్సింది మీరే. అందుకని నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టెలు యాక్సెస్ పాయింట్లు, వాటన్నింటినీ ఒకేచోటి నుంచి నడిపేది కంట్రోలర్. దాని తెర మీద అవన్నీ పచ్చగా కనిపిస్తుంటాయి. అదే సమయంలో మూలగదిలో ఒకరి కాల్ తెగిపోతూ ఉంటుంది. ఆ తెర చూసి మనం నిశ్చింతగా ఉండకూడదు. కంట్రోలర్‌కు ఏం తెలుస్తుందో, ఏం తెలియదో తేల్చుకుంటే మన పనిలో సగం టెన్షన్ తగ్గుతుంది.

యాక్సెస్ పాయింట్‌ను మనమంతా ఏపీ అనే అంటాం, నేనూ అలాగే అంటాను. నాలుగైదు ఏపీలుంటే ఒక్కోదాన్ని విడిగా సెట్ చేసుకోవచ్చు. యాభై ఉంటే ఒక్క పాస్‌వర్డ్ మార్చడానికి యాభైసార్లు లాగిన్ కావాలి. ఈ బాధ పోవడానికే కంట్రోలర్ వచ్చింది. ఏపీ, కంట్రోలర్ మాట్లాడుకునే పద్ధతికి క్యాప్‌వ్యాప్ అని పేరు. 2009లో ఆర్ఎఫ్‌సీ 5415 అనే ఇంటర్నెట్ పత్రంగా ప్రామాణికమైంది. యూడీపీ 5246 పోర్టులో ఆజ్ఞలు, 5247లో డేటా నడుస్తాయి. మధ్యలో రాకపోకలను వడకట్టే ఫైర్‌వాల్ ఉంటే రెండూ తెరవాలి. 5246 ఒక్కటే తెరిస్తే ఏపీ కంట్రోలర్‌లో చేరినట్టే చేరి, డేటా దారి దొరకక మళ్లీ తెగిపోతుంది. ఒకే ఏపీ వస్తూ పోతూ ఉంటే నేను ముందు చూసేది అదే.

ఏపీ చేరకపోవడం గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను. కొత్తగా పెట్టేవాళ్లు చిక్కుకునేది ఇక్కడే. కరెంటు అందగానే ఏపీ తనకొక ఐపీ అడ్రస్ తెచ్చుకుని కంట్రోలర్ కోసం వెతుకుతుంది. ముందు తన సబ్‌నెట్‌లో, అంటే నెట్‌వర్క్‌లో తానున్న భాగంలో, అందరికీ వినిపించేలా బ్రాడ్‌కాస్ట్ చేస్తుంది. కంట్రోలర్ వేరే సబ్‌నెట్‌లో ఉంటే ఆ కేక రౌటర్ దాటి వెళ్లదు. అప్పుడు ఐపీ అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ ద్వారా కంట్రోలర్ అడ్రస్ చెప్పాలి, లేదా ఏపీ అడిగే పేరును, పేరుకు అడ్రస్ చెప్పే డీఎన్ఎస్‌లో పెట్టాలి. డీహెచ్‌సీపీలో ఇందుకు ప్రామాణికంగా ఇచ్చింది ఆప్షన్ 138. ఆప్షన్ 43 వాడే కంపెనీలూ ఉన్నాయి, దాని రాతపద్ధతి ఒక్కో కంపెనీది ఒక్కో రకం. అక్కడ ఒక్క అంకె తప్పు పడినా ఏపీ వెతుకుతూనే ఉంటుంది.

అడ్రస్ సరిగ్గానే ఉన్నా చేరడం లేదా? గడియారం చూడండి. ఏపీ, కంట్రోలర్ ఒకదాన్నొకటి సర్టిఫికెట్లతో, అంటే డిజిటల్ గుర్తింపు పత్రాలతో, గుర్తుపడతాయి. ప్రతి సర్టిఫికెట్‌కూ ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని గడువుంటుంది. కంట్రోలర్ గడియారం కొన్నేళ్లు వెనక్కి పోయి ఉంటే, దాని లెక్కలో ఏపీ సర్టిఫికెట్ ఇంకా మొదలే కాలేదు. అందుకే చేర్చుకోదు. కేబుల్ మారుస్తారు, ఏపీ మారుస్తారు, స్విచ్ మారుస్తారు, తేదీ మాత్రం ఎవరూ చూడరు. కంట్రోలర్ పెట్టగానే ముందు సరైన సమయం చెప్పే ఎన్‌టీపీ సర్వర్ అడ్రస్ ఇవ్వండి, మిగతావన్నీ ఆ తర్వాత. చాలా ఏళ్లుగా నడుస్తున్న ఏపీ ఒక్కసారి రీస్టార్ట్ అయ్యాక మళ్లీ చేరకపోతే, దాని సర్టిఫికెట్ గడువే తీరిపోయి ఉండొచ్చు.

ఇక కరెంటు సంగతి. ఏపీకి నెట్‌వర్క్ కేబుల్ ద్వారానే కరెంటు ఇస్తాం. 802.3ఏఎఫ్ అనే పాత ప్రమాణపు స్విచ్ ఒక్కో పోర్టుకు 15.4 వాట్లు ఇస్తుంది, 802.3ఏటీ అయితే 30 వాట్లు. కొత్త ఏపీని పాత స్విచ్‌కు పెడితే చాలా మోడళ్లు ఆన్ అవుతాయి, కంట్రోలర్‌లో చేరతాయి కూడా. కాకపోతే చాలని కరెంటుతో కొన్ని యాంటెన్నాలనో, ఏకంగా ఒక రేడియోనో ఆపేసుకుంటాయి. జాబితాలో అది పచ్చగానే ఉంటుంది, సగం బలంతో పనిచేస్తుంటుంది. ఒక్కో ఏపీ వివరాల్లోకి వెళ్లి ఎంత పవర్ అందుతోందో చూడటం విసుగు పుట్టించే పనే. అయినా ఒక్కసారి చేయండి.

అసలు విషయం రేడియో. ఒక చానల్ మీద ఒకసారి ఒక్కరే మాట్లాడగలరు, విన్నవాళ్లంతా ఆగాల్సిందే. మనం పంచుకునేది సమయం. ఆ సమయం ఎక్కడ వృథా అవుతోందో చిన్న లెక్క వేద్దాం. ప్రతి ఎస్ఎస్ఐడీ, అంటే వైఫై జాబితాలో కనిపించే ప్రతి పేరు, సెకనుకు దాదాపు పదిసార్లు బీకన్, అంటే ‘నేనున్నాను’ అని చెప్పే చిన్న సందేశం, పంపుతుంది. అదీ మనం అనుమతించిన వాటిలో అతి నెమ్మది వేగంతో. బీకన్ 250 బైట్లు అనుకోండి, అంటే 2000 బిట్లు. 1 ఎంబీపీఎస్ వేగంతో అది 2 మిల్లీసెకన్లు పడుతుంది. సెకనుకు పది అంటే 20 మిల్లీసెకన్లు, మొత్తం సమయంలో 2 శాతం. ఆరు ఎస్ఎస్ఐడీలు పెడితే 12 శాతం. ఒకదానికొకటి వినిపించే మూడు ఏపీలు అదే చానల్‌లో ఉంటే 36 శాతం. ఒక్క మనిషి ఒక్క పేజీ తెరవకముందే మూడో వంతుకు పైగా సమయం పోయింది!

2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానితో ఒకటి కలవకుండా వాడుకునే చానళ్లు 1, 6, 11 మాత్రమే. కాబట్టి మూడు ఏపీలు ఒకే చానల్‌లో పడటం ఏమంత అరుదు కాదు. దీనికి మందు సులువు. డిపార్ట్‌మెంట్‌కొక ఎస్ఎస్ఐడీ అడిగితే ఒప్పుకోకండి. ఉద్యోగులకు ఒకటి, అతిథులకు ఒకటి, పరికరాలకు ఒకటి చాలు. ఎవరు ఏ వీల్యాన్‌లోకి, అంటే నెట్‌వర్క్‌లో విడదీసిన ఏ భాగంలోకి, వెళ్లాలో లాగిన్‌లు సరిచూసే రేడియస్ సర్వర్ చూసుకుంటుంది. నెమ్మది వేగాలు తీసేసి కనీసం 12 ఎంబీపీఎస్ అని పెడితే, ఇందాకటి 2 మిల్లీసెకన్లు 0.2 లోపుకు వస్తాయి. పాత స్కానర్లు, సెన్సార్లు ఏవైనా ఆ నెమ్మది వేగాల మీదే బతుకుతున్నాయేమో ముందు కనుక్కోండి.

సిగ్నల్ లేదనగానే ఏపీ పవర్ పెంచేయడం మనలో చాలామందికి అలవాటు. దీన్ని నేను గట్టిగా వద్దంటాను. సిగ్నల్ బలాన్ని డీబీఎంలో కొలుస్తాం. ఏపీ 20 డీబీఎంతో అరిస్తే ఫోన్‌కు వినిపిస్తుంది. ఫోన్ జవాబు 14 డీబీఎంతో వస్తే ఏపీకి వినపడదు. ఫోన్‌లో గీతలు నిండుగా ఉంటాయి, పేజీ తెరుచుకోదు. పైగా ఏ ఏపీని పట్టుకోవాలో, ఎప్పుడు వదలాలో నిర్ణయించుకునేది ఫోనే. 802.11కె, 802.11వి అనే వైఫై ప్రమాణాల ద్వారా కంట్రోలర్ పక్క ఏపీల వివరాలు ఇస్తుంది, అటు వెళ్లమని సూచిస్తుంది, అంతవరకే. దూరపు ఏపీ గట్టిగా వినిపిస్తున్నంతసేపూ ఫోన్ దాన్ని వదలదు.

మరి చానల్, పవర్ కంట్రోలరే ఆటోమేటిక్‌గా సర్దుతుంది కదా అంటారు. సర్దుతుంది, మంచిదే. ఏ ఆధారంతో సర్దుతుందో గమనించండి. ముఖ్యంగా ఏపీలు ఒకదాన్నొకటి ఎంత గట్టిగా వింటున్నాయన్నదే దాని ఆధారం. వరండా పొడవునా సీలింగ్‌కు వరసగా ఏపీలు బిగించారనుకోండి. మధ్యలో అడ్డేమీ లేదు, ఒకదానికొకటి బ్రహ్మాండంగా వినిపిస్తాయి. ఏపీలు మరీ దగ్గరగా ఉన్నాయనుకుని కంట్రోలర్ పవర్ తగ్గిస్తుంది. మనుషులున్నది వరండాలో కాదు, గోడల వెనక గదుల్లో. అక్కడ సిగ్నల్ పడిపోతుంది. అందుకే ఏపీని మనుషులున్న గదిలో పెట్టాలి. పవర్ ఇంతకంటే తగ్గకూడదు, ఇంతకంటే పెరగకూడదు అని రెండు హద్దులూ కంట్రోలర్‌కు మనమే ఇవ్వాలి.

5 గిగాహెర్ట్జ్‌లో కొన్ని చానళ్లను రాడార్లు కూడా వాడతాయి. అక్కడ రాడార్ వినిపిస్తే ఏపీ ఆ చానల్ వదిలేసి 30 నిమిషాలు అటు వెళ్లకూడదు. ఒకే చోట కాల్స్ పదేపదే తెగుతుంటే లాగ్‌లో రాడార్ అన్న మాట ఉందేమో వెతకండి. ఉంటే ఆ ఏపీకి ఆ చానళ్లు తీసేయండి.

ఇన్ని సెట్ చేశాక చివరికి నడవాలి. చేతిలో మామూలు ఫోన్ ఉండాలి, అందులో వాయిస్ కాల్ నడుస్తుండాలి. గది గదికీ, తలుపులు మూసి, జనం ఉన్న వేళ వెళ్లాలి. వాయిస్‌కు మైనస్ 67 డీబీఎం కంటే తగ్గకూడదని పెట్టుకోండి. ఎక్కడ తగ్గిందో, ఎక్కడ ఏపీ మారిందో, మారినప్పుడు మాట ఎంతసేపు ఆగిందో కాగితం మీద రాసుకోండి. ఈ హాలుకు ఆ చివర, ఈ చివర ఒక్కో ఏపీ ఉంది. రెండింటి పవర్ కావాలనే పూర్తిగా పెంచి ఉంచాను. ఇద్దరు ముందుకు రండి, ఒకరు కాల్‌లో ఉండి నడవండి, ఇంకొకరు రాయండి. తర్వాత పవర్ తగ్గించి మళ్లీ నడుద్దాం.